నీది కాని వెలుగు

చిరంజీవి చిన్నికి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన గ్రాఫు అందింది. ఫోనులో అంత చిన్నగా కనబడక, పక్కింటి కుర్రాడితో కాగితం మీద అచ్చు వేయించి భూతద్దం పెట్టుకొని చూశాను. నీ గాజులో కలిపిన యూరోపియం అనే రేర్ ఎర్త్ (అరుదైన మృత్తిక) మూలకం 394 నానోమీటర్ల వెలుగును తాగి, 590 దగ్గర నారింజ, 612 దగ్గర ఎరుపు బుద్ధిగా ఇచ్చింది. 700 దగ్గర ఉండవలసిన బుడిపె కూడా ఉంది. ఆ తరువాత అంతా చదునుగా ఉన్న చోట, 788 దగ్గర, సూదిలా ఒక శిఖరం లేచింది. దాని పక్కన నువ్వు మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టి "ఇది ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు అత్తయ్యా" అన్నావు. మరునాడు పొద్దున్నే మీ నాన్న ఫోను చేసి, అమ్మాయి ఏదో కనిపెట్టిందటగా అన్నాడు. వాడి సంబరం మీద నీళ్లు చల్లడం చిన్నప్పటి నుంచీ నాకు అలవాటే. అయినా ఈసారి నోరు కట్టేసుకొని "చూద్దాంలే" అని ఊరుకున్నాను.

ఆ శిఖరం సంగతి చివర చెబుతాను. ముందే చెబితే మిగతా ఉత్తరం చదవవు, నీ సంగతి నాకు తెలుసు.

నేను పేరుమోసిన శాస్త్రవేత్తను కాను. ముప్పై ఏళ్లకు పైగా గాజులు కరిగించాను, వాటి మీద వెలుగు వేశాను, తిరిగి వచ్చిన వెలుగును కొలిచాను. ఆ ముప్పై ఏళ్లలో సగం కాలం, నా గాజు నుంచి రాని వెలుగును నా గాజుదే అనుకోకుండా కాపలా కాయడానికే సరిపోయింది. ఈ విద్యలో మొదట నేర్చుకోవలసింది ఆ కాపలానే అని నా నమ్మకం. మీ పాఠాల్లో అది ఉండదు. సమీకరణాలు రాసే పుస్తకానికి దీపం ఒక్కటే, నమూనా ఒక్కటే, డిటెక్టరు ఒక్కటే. నీ చీకటి గదిలో మాత్రం వెలుగు పది దారుల్లో వస్తుంది.

1986 వేసవి సంగతి చెబుతాను. అప్పుడు నేను, యూరోపియం జాతిదే అయిన టెర్బియం కలిపిన బోరేట్ గాజుల మీద పనిచేస్తున్నాను. టెర్బియం 545 ప్రాంతంలో చక్కటి ఆకుపచ్చ ఇస్తుంది. ఒక సాయంత్రం పోలిక కోసం ఏమీ కలపని ఉత్త గాజును పెట్టాను. ఏ శిఖరమూ రాకూడదు. చార్ట్ రికార్డరు పెన్ను 546 దగ్గరకు వచ్చేసరికి నిలువుగా లేచింది! ముందు వారం ఇదే క్రూసిబుల్‌లో టెర్బియం గాజు కరిగించాను కదా, అడుగున అంటుకున్న కొంచెం ఇందులో కలిసి ఉంటుంది అనుకున్నాను. కంటికి కనిపించనంత టెర్బియాన్ని కూడా మన పరికరం పట్టేస్తోందంటే ఇదొక విశ్లేషణ పద్ధతి అవుతుంది కదా అని, ఆ రాత్రి హాస్టల్ మంచం మీద పడుకొని పత్రానికి పేరు కూడా పెట్టేశాను. మూడు రోజులు మళ్లీ మళ్లీ తీశాను. ప్రతిసారీ వచ్చింది. ప్రతిసారీ వస్తోంది కాబట్టి నిజమే అనుకున్నాను. చూశావా, ఎంత తెలివో! తప్పు కూడా ప్రతిసారీ వస్తుంది, తప్పు చేసే కారణం అక్కడే కూర్చుని ఉంటే.

నాలుగో రోజు రాత్రి ఎనిమిది గంటలకు పెన్ను సరిగ్గా ఆ శిఖరం మీద ఉన్నప్పుడు మా అటెండరు తాళాలు వేయడానికి వచ్చి, వరండాలో ట్యూబులైటు ఆర్పాడు. పెన్ను దబ్బున కింద పడింది. నేను తలుపు తీసి "తాతా, ఆ లైటు మళ్లీ వేయండి" అన్నాను. వేశాడు. పెన్ను లేచింది. "ఆర్పండి." పడిపోయింది. ఆయన నా మొహం చూసి, అమ్మాయికి ఎండదెబ్బ తగిలిందేమో అనుకొని ఉంటాడు. ట్యూబులైటులో ఉండేది పాదరసపు ఆవిరి. దాని ఆకుపచ్చ గీత 546.1 నానోమీటర్లు. నమూనా పెట్టె మూతకు చుట్టూ అంటించిన నల్ల ఫెల్టు ఒక మూల అరిగిపోయింది. తలుపు కింద సందులోంచి, ఆ అరిగిన మూలలోంచి దూరి వచ్చిన వరండా వెలుగు మీద నేను మూడు రోజులు ఉపన్యాసం తయారు చేసుకున్నాను.

కొంచెం బుర్ర ఉంటే మొదటి రోజే తెలిసేది. పాదరసం ఒంటరిగా రాదు. 404.7, 435.8, 577, 579 ఆ కుటుంబం అంతా వెంట ఉంటుంది. టెర్బియం కూడా ఒంటరిగా రాదు, 490 దగ్గర, 585 దగ్గర, 620 దగ్గర దాని తోబుట్టువులు ఉంటాయి. నా గ్రాఫులో 435.8 దగ్గర చిన్న గీత ఉండనే ఉంది. నేను చూడలేదు, ఎందుకంటే నేను చూడదలచుకున్నది 546ను. కాబట్టి తెలియని శిఖరం గుమ్మంలో నిలబడితే లోపలికి రమ్మనకముందే ఇంటిపేరు, గోత్రం అడుగు. దాని బంధువులు ఎవరెవరు, వాళ్లు వచ్చారా లేదా చూడు. ఈ రోజుల్లో ఇంకో చిక్కు ఉంది. సీఎఫ్ఎల్ దీపాల పూతలోనే టెర్బియం, యూరోపియం వాడారు. మీ గదిలో అలాంటి పాత దీపం ఒకటి మిగిలి ఉంటే అది నీ యూరోపియం వేషం వేసుకొనే వస్తుంది, గోత్రం కూడా సరిగ్గానే చెబుతుంది. అప్పుడు అటెండరు తాత పద్ధతి ఒక్కటే దారి: దీపం ఆర్పి చూడడం.

ఇదంతా చదివి, అత్తయ్య కొత్తది ఏది కనబడినా చెత్తబుట్టలో వేయమంటోంది అనుకోకు. దీనికి రెండో వైపు ఉంది, అసలు వైపు అదే.

రామన్ గారి కథ నీకు ఫిబ్రవరి 28 నాటి స్కూలు ఉపన్యాసంగా తెలుసు. సముద్రం నీలం, ఓడ ప్రయాణం, నోబెల్ బహుమతి. మనలాంటి వాళ్లకు పనికొచ్చే భాగం వాటి మధ్యలో ఉంది. 1923లో కలకత్తాలో ఆయన దగ్గర కె.ఆర్. రామనాథన్ నీటిలో చెదిరే వెలుగును చూస్తున్నారు. ఊదారంగు ఫిల్టరు గుండా సూర్యకాంతిని నీటిలోకి పంపి, చూసే వైపు ఆ ఊదాను ఆపేసే ఆకుపచ్చ ఫిల్టరు పెడితే ఏమీ కనబడకూడదు. కనబడింది, మిణుకుమిణుకుమంటూ. నీటిలో ఏదో మలినం ఉంది, దాని ప్రతిదీప్తి, అంటే తాగిన వెలుగును వేరే రంగులో తిరిగి ఇవ్వడం, అన్నారు. న్యాయమైన అనుమానమే, నేనైనా అదే అంటాను. నీటిని మళ్లీ మళ్లీ శుద్ధి చేశారు. ఆ వెలుగు పోలేదు. దానికి "బలహీనమైన ప్రతిదీప్తి" అని పేరు పెట్టి పక్కన పెట్టారు కానీ మరచిపోలేదు. కొన్నేళ్ల తరువాత ఎస్. వెంకటేశ్వరన్ గ్లిజరిన్‌లో చూస్తే ఆ మిగిలిన వెలుగు గట్టిగా ధ్రువణం చెంది ఉంది, అంటే దాని కంపనం ఎక్కువగా ఒకే దిశకు ఒరిగి ఉంది. మామూలు ప్రతిదీప్తి అలా ప్రవర్తించదు. అప్పుడు కె.ఎస్. కృష్ణన్ కూర్చొని దాదాపు 60 ద్రవాలను శుద్ధి చేసి ఒక్కొక్కటీ చూశారు. అన్నిటిలోనూ ఉంది. 60 ద్రవాల్లోనూ ఒకే మలినం ఉంటుందా? ఉండదు. 1928 ఫిబ్రవరి 28న పాదరసపు దీపం పెట్టి స్పెక్ట్రోస్కోపులో చూసేసరికి, వేసిన గీతకు దూరంగా, మధ్యలో చీకటి వదిలి, కొత్త వెలుగు విడిగా నిలబడింది.

అంటే రామన్ ఫలితం అనేది అనుమానాలన్నీ తీర్చిన తరువాత కూడా పోకుండా మిగిలిన వెలుగు. ఆ ఐదేళ్ల శుద్ధి లేకపోతే దాన్ని ఎవరూ నమ్మరు. మొండిగా మలినం అనే ముద్ర వేసేసి ఉంటే దాన్ని ఎవరూ చూడరు. అదే రోజుల్లో మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ క్వార్ట్జ్ స్ఫటికంలో ఇదే సంగతి పట్టుకున్నారు, ప్రకటించడంలో వెనుకబడ్డారు. నన్ను మూడు రోజులు మోసం చేసిన పాదరసమే రామన్ గారికి దారి చూపించింది అని తలచుకున్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. దీపానికి పక్షపాతం లేదు.

మన వైపు వాళ్లకు ఈ విద్య కొత్తదేమీ కాదు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు కలకత్తాలో రామన్ గారి దగ్గర పనిచేసి వాల్తేరు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ పని నాటారు. అక్కడే రంగధామరావు గారు స్పెక్ట్రోస్కోపీకి పెద్ద ప్రయోగశాల నిలబెట్టారు. తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రేర్ ఎర్త్ గాజుల మీద దశాబ్దాలుగా పని జరుగుతూనే ఉంది. నువ్వు చదివే పత్రాల్లో మన ఇంటిపేర్లు అన్ని కనబడటానికి కారణం అదే.

ఇక నీ పనికి వస్తాను. నీ గాజు నువ్వే కరిగించు. ఎవరో చేసి ఇచ్చిన ముక్క మీద వెలుగు వేసే వాళ్లకు అది ఎలా పుట్టిందో తెలియదు, అందుకని అది అబద్ధమాడినప్పుడు కనిపెట్టలేరు. రసాయనాలు తూచే ముందు వాటి తేమ సంగతి చూడు. లాంథనం ఆక్సైడు డబ్బా మూత తీసి ఉంచితే గాలిలోంచి నీటిని, బొగ్గుపులుసు వాయువును లాక్కొని బరువెక్కుతుంది. నువ్వు ఒక గ్రాము ఆక్సైడు అనుకొని తూచేది నిజానికి ఒక గ్రాము కాదు. వేడి చేసి, పొడి వాతావరణంలో చల్లార్చి తూచు. అగేటు కల్వంలో విసుగు పుట్టేదాకా నూరి, విసుగు పుట్టాక ఇంకో పావుగంట నూరు. అల్యూమినా క్రూసిబుల్ వాడితే అది కూడా కొంచెం కరిగి గాజులో కలుస్తుంది, కంసాలి మూసలా తనను తాను కాపాడుకోదు. నీ పట్టికలో లేని అల్యూమినియం గాజులో ఉంటుందన్న మాట. ప్లాటినం మంచిదే, కానీ భాస్వరం, సీసం విడి మూలకాలుగా మారే పరిస్థితి వస్తే ప్లాటినం పాడవుతుంది. దాన్ని పాడుచేసిన రోజు మీ ప్రొఫెసరు గారి ముఖం చూడలేవు.

పోసిన గాజును చల్లార్చే పని తొందరపడకు. ఎర్రగా కరిగిన దాన్ని ముందుగా వేడి చేసిన ఇత్తడి పలక మీద పోసి, వెంటనే రెండో కొలిమిలోకి మార్చి, గంటల తరబడి ఆ వేడిలో ఉంచి మెల్లగా దించాలి. మా రోజుల్లో సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయేది. లోపల ఒత్తిడి మిగిలిపోయిన గాజు బల్ల మీద రెండు రోజులు బాగానే ఉండి, మూడో రోజు నువ్వు మెరుగు పెడుతుండగా చేతిలో టప్పున రెండు ముక్కలవుతుంది. మెరుగు పెట్టడానికి వాడే సీరియం ఆక్సైడు కూడా రేర్ ఎర్తే అని గుర్తుంచుకో. సరిగ్గా కడగకపోతే అతినీలలోహిత భాగంలో శోషణ చూపించి నిన్ను ఆటపట్టిస్తుంది.

టెల్యురైట్ గాజు చేస్తానన్నావు. చేయి, అందమైన గాజు. 800 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. అయితే ఫ్యూమ్ హుడ్ పనిచేయని రోజు కొలిమి వెలిగించకు. టెల్యూరియం ఒంట్లోకి కొంచెం వెళ్లినా ఊపిరి వెల్లుల్లి వాసన వేస్తుంది, రోజుల తరబడి పోదు. మా ప్రయోగశాలలో ఒకాయన పెళ్లిచూపులకు ముందు వారం ఈ పని చేశాడు. ఆ సంబంధం కుదరలేదు. కారణం అదే అని ఆయన ఇప్పటికీ అంటాడు, నాకు వేరే అనుమానాలు ఉన్నాయి.

గాజు ఏ రంగును ఎంత తాగుతుందో చూపే శోషణ వర్ణపటం తీసేటప్పుడు అందరూ పరికరాన్ని నమ్మి మందాన్ని మరచిపోతారు. 2 మిల్లీమీటర్ల ముక్కలో 0.1 మిల్లీమీటరు తప్పు కొలిస్తే నీ ఫలితంలో 5 శాతం తప్పు వచ్చి కూర్చుంది. స్క్రూగేజితో ఐదు చోట్ల కొలువు. ఇంకొకటి: టెల్యురైట్ గాజు వక్రీభవన గుణకం 2కు దగ్గర. అలాంటి గాజులో ఏమీ శోషించకపోయినా ఒక్కో ముఖం దగ్గర 11 శాతం వెలుగు వెనక్కి తిరిగిపోతుంది. మొత్తం మీద 80 శాతమే అవతలికి చేరుతుంది. పరికరం దాన్ని కూడా శోషణ కింద రాసి 0.1 చూపిస్తుంది. అద్దం వెనక్కి పంపిన వెలుగును గాజు తాగేసిందని లెక్క రాయడమే ఇది. శోషణ 3 దాటిన శిఖరాన్ని కూడా నమ్మకు. అక్కడ వెయ్యిలో ఒక వంతు వెలుగే మిగులుతుంది, ఆ మిగిలిన దానికంటే పరికరం లోపల దారితప్పి తిరిగే వెలుగే ఎక్కువ ఉండవచ్చు. పైభాగం కత్తితో కోసినట్లు చదునుగా ఉన్న శిఖరం కనబడితే గాజును పలచగా చేసి మళ్లీ తీయి.

గాజు తిరిగి ఇచ్చే వెలుగు, అంటే ఉద్గారం, దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. జెనాన్ దీపం తెల్లగా కనబడుతుంది గానీ దానిలో 467 దగ్గర, మళ్లీ 820 తరువాత సొంత గీతలు ఉన్నాయి. వెలుగును పట్టే ఫోటోమల్టిప్లయరుకు ఎరుపు దాటితే చూపు మందగిస్తుంది, అందుకని సరిదిద్దని గ్రాఫులో ఎర్రటి శిఖరాలు నిజం కంటే పొట్టిగా కనబడతాయి. దానికి హై వోల్టేజి ఉండగా గదిలో దీపం వేసి నమూనా పెట్టె తెరిస్తే ఆ చూపు కూడా పోతుంది. ద్రావణాలతో పనిచేసే నీ స్నేహితురాలికి ఒక మాట చెప్పు. నీటిని 350తో వెలిగిస్తే 397 దగ్గర ఒక బుడిపె వస్తుంది. అది నీటి రామన్ వెలుగు. చాలామంది దాన్ని తమ అణువు ప్రతిదీప్తి అని రాసుకున్నారు. కనిపెట్టడం తేలిక: వేసే వెలుగును 10 నానోమీటర్లు జరిపి చూడాలి. వెలుగుతో పాటు శిఖరం కూడా నడిస్తే అది రామన్ గారిది. నిలిచిన చోటే నిలబడితే అణువుది. ఈ ఒక్క పరీక్షను తాయెత్తులా మెడలో కట్టుకో, దీని అవసరం నీకూ ఉంది.

యూరోపియం గురించి నీకు ఎంత చెప్పినా తనివి తీరదు. 4ఎఫ్ ఎలక్ట్రాన్లు 5ఎస్, 5పి ఎలక్ట్రాన్ల తెర చాటున ఉంటాయి కాబట్టి ఏ గాజులో పెట్టినా దాని గీతలు దాదాపు అక్కడే ఉంటాయి. కానీ వాటి బలం మారుతుంది. 590 గీత ఊరు మారినా మాట మార్చని మనిషి. 612 గీత ఇరుగుపొరుగును చూసి గొంతు పెంచే మనిషి. యూరోపియం అయాన్ చుట్టూ ఉన్న ఆక్సిజన్ల అమరిక ఎంత వంకరగా ఉంటే అంత గట్టిగా మాట్లాడుతుంది. ఈ రెండింటి నిష్పత్తి చూసే గాజు లోపల అయాన్ ఎలాంటి ఇంట్లో కాపురం ఉందో చెప్పవచ్చు. ఎక్స్-కిరణాలకు కూడా సరిగ్గా చిక్కని క్రమం లేని గాజులో ఒక ఎర్ర గీత ఇంత చెప్పడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

జీవితకాలం, అంటే దీపం ఆగాక గాజు వెలుగు ఎంతసేపు నిలుస్తుందో, కొలిచే రోజు నన్ను తలచుకో. మా దగ్గర ఒక కుర్రాడు డిస్ప్రోసియం గాజులన్నిటికీ 200 మైక్రోసెకన్ల చుట్టూనే జీవితకాలం తెచ్చాడు. గాఢత మారినా, గాజు మారినా అదే. గాఢత పెరిగితే అయాన్లు ఒకదానికొకటి శక్తిని అందించుకొని ఆరిపోవాలి కదా, ఇదేమిటి అని కూర్చొని చూశాం. ఆసిలోస్కోపు లోపలి నిరోధం 10 లక్షల ఓములు. రెండు మీటర్ల కేబులుకు ధారిత్వం దాదాపు 200 పికోఫారడ్లు. రెండింటినీ గుణించు. సరిగ్గా 200 మైక్రోసెకన్లు! ఆ అబ్బాయి ఆర్నెల్లు కొలిచింది తన కేబులు జీవితకాలం. చిన్న నిరోధం పెట్టి మళ్లీ తీసేసరికి గాజులు ఒక్కొక్కటీ తమ సొంత లెక్క చెప్పాయి. నిరోధం మారిస్తే మారే జీవితకాలం గాజుది కాదు. అలాగే, గరుకుగా ఉన్న వక్రానికి మూడు ఘాతీయ పదాలు తగిలించి అతికించే కంప్యూటర్ ఉంది కదా అని అతికించకు. అన్ని పదాలు ఇస్తే ఏనుగు బొమ్మకు కూడా అతుకుతుంది.

జడ్, ఓఫెల్ట్ లెక్క గురించి అడిగావు. 1962లో ఇద్దరూ విడివిడిగా చేసిన గొప్ప పని అది. శోషణ బలాల నుంచి మూడు సంఖ్యలు రాబట్టి, వాటితో ఉద్గారాల సంగతి ముందే చెప్పవచ్చు. నేర్చుకో, చేతితో ఒక్కసారైనా చేయి. ఆ మూడింటిలో ఏదైనా రుణ సంఖ్య వస్తే నీ కొలతలోనో లెక్కలోనో లోపం ఉందని అర్థం, అది ప్రకృతి చేసిన వింత కాదు. ప్రేజియోడిమియంతో ఇది తరచూ జరుగుతుంది. అయితే మనసులో మాట చెబుతాను: ఒక ఆక్సైడు బదులు ఇంకో ఆక్సైడు వేసి, అవే మూడు సంఖ్యలు లెక్కించి, "లేజర్లకు అనువైనది" అని ముగించే పత్రాలు ప్రపంచంలో అవసరానికి మించి ఉన్నాయి. నేను కూడా అందులో కొన్ని రాశాను, పదోన్నతి కావలసి. నీకు ఒక ప్రశ్న ఉండాలి. ఈ గాజులోంచి నీటి తేమను తీసేస్తే ఎర్బియం 1.5 మైక్రోమీటర్ల వెలుగు ఎంత పెరుగుతుంది, ఎందుకు? ఇలాంటిది ఒకటి. తేమ గాజులో వదిలే హైడ్రాక్సిల్ సమూహాలు ఆ వెలుగును మింగేస్తాయని అందరికీ తెలుసు. ఎంత తేమకు ఎంత మింగుతాయో ఓపికగా కొలిచిన వాళ్లు తక్కువ.

లేజరు గురించి మాత్రం నా మాట వేదవాక్కు అనుకో. 1064 నానోమీటర్ల పుంజం కంటికి కనబడదు, అయినా కంటి వెనుక పొర మీద కేంద్రీకరిస్తుంది. కనబడదు కాబట్టి రెప్ప కూడా పడదు. పని మొదలుపెట్టే ముందు గడియారం, చేతి గాజులు, ఉంగరం తీసి పెట్టెలో పెట్టు. పుంజం ఉన్న ఎత్తులో కుర్చీ వేసుకొని కూర్చోకు, పెన్ను కింద పడితే వంగి తీసుకోకు, ముందు షట్టరు మూయి. కళ్లద్దాల మీద ఏ తరంగదైర్ఘ్యానికి రక్షణ ఇస్తాయో రాసి ఉంటుంది, ఆకుపచ్చ లేజరు అద్దాలు పరారుణానికి పనికిరావు. నాకు ఎడమ కంటిలో ఒక మూల చిన్న నల్ల చుక్క ఉంది. మీ నానమ్మకు కూడా చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

నోటు పుస్తకం సిరాతో రాయి. స్లిట్ వెడల్పు, గ్రేటింగు, ఫిల్టరు, దీపం ఎన్ని గంటలు మండింది, గదిలో ఎవరు ఉన్నారు, అన్నీ. "మామూలుగా" అనే మాట రాయకు, ఆరు నెలల తరువాత మామూలు ఏమిటో నీకే గుర్తుండదు. వర్క్‌షాపులో లేతు నడిపే ఆయనతో, గాజు ఊదే ఆయనతో, అటెండర్లతో మర్యాదగా ఉండు. పరికరం ఏ శబ్దం చేస్తే పాడవబోతోందో వాళ్లకే ముందు తెలుస్తుంది. రాత్రి పూట కొలిచే పని ఉంటే ఒంటరిగా ఉండకు. మా రోజుల్లో ఆడపిల్ల రాత్రి ల్యాబులో ఉంటే గుసగుసలు పుట్టేవి. అందుకని నేను పగలే కిటికీలకు నల్ల గుడ్డలు కుట్టి రాత్రి చేసుకున్నాను. నీకు ఆ బాధ లేకపోతే సంతోషమే, అయినా కొలిమి, లేజరు ఉన్న చోట రెండో మనిషి ఉండాలి.

సరే, నీ 788.

దాన్ని రెండుతో భాగించు. 394 వస్తుంది, నువ్వు గాజు మీద వేసిన వెలుగే అది. వెలుగును రంగులుగా విడదీసే గ్రేటింగు ఒక తరంగదైర్ఘ్యాన్ని దాని స్థానంలోనే కాకుండా రెండింతల స్థానంలో కూడా చూపిస్తుంది. గాజు ముఖం మీద చెదిరిన 394 వెలుగు ఆ గ్రేటింగు ఉన్న ఉద్గార మోనోక్రోమేటరులోకి దూరి, 788 దగ్గర రెండో వేషంలో దిగిందని నా అనుమానం. అది అంత సన్నగా, సూదిలా ఉండటం కూడా ఆ అనుమానాన్నే బలపరుస్తోంది.

కానీ అది అనుమానమే. నేను రుజువు చేయలేదు, నువ్వూ చేయలేదు. రేపు పొద్దున 464తో ఉత్తేజపరిచి చూడు, యూరోపియం దాన్ని కూడా తాగుతుంది. 612 ఉన్న చోటే ఉంటుంది. 788 మాయమైతే కథ అయిపోయింది. తరువాత 394కే తిరిగి వచ్చి, నమూనాకూ మోనోక్రోమేటరుకూ మధ్య ఫిల్టరు పెట్టి మళ్లీ తీయి. రెండు పరీక్షల్లోనూ పోకపోతే అర్ధరాత్రి అయినా సరే నాకు ఫోను చేయి, లేచి కూర్చుంటాను. మీ నాన్నకు అప్పటిదాకా ఏమీ చెప్పకు.

ఫిల్టరు మీ ప్రయోగశాలలో దొరక్కపోతే అని, ఆదివారం హైదరాబాదు వస్తున్న మీ నాన్న చేతికి నాది ఇచ్చి పంపిస్తున్నాను. 450కి దిగువ వెలుగును ఆపే పసుపు గాజు పలక, మెత్తటి గుడ్డలో చుట్టి అగరొత్తుల డబ్బాలో పెట్టాను. అంచులు పట్టుకొని తీయి, వేలిముద్ర పడనీయకు. ఇంకొక మాట, ఆ పసుపు గాజు మీద అతినీలలోహిత వెలుగు పడితే అది కూడా కొద్దిగా ప్రతిదీప్తి ఇస్తుంది. అందుకని మొదట యూరోపియం లేని ఉత్త గాజును పెట్టి, ఫిల్టరుతో ఒక గ్రాఫు తీసి పక్కన ఉంచుకో.

ఇట్లు,
మీ అత్తయ్య